డ్రిఫ్ట్ గేమ్‌లో మిమ్మల్ని మళ్లీ మళ్లీ ఆడించేది ఏంటి?

పైనుంచి కనిపించే చిన్న డ్రిఫ్ట్ గేమ్ (కారును అడ్డంగా జారిస్తూ మలుపులు తిప్పే ఆట) ఒకటి తయారు చేస్తున్నాను, ఇలాంటివి ఆడేవాళ్ల సలహా కావాలి. 2015లో వచ్చిన అబ్సొల్యూట్ డ్రిఫ్ట్ లాగే ఇందులోనూ తెల్లటి నేల, రెండు మూడు రంగులు, కారు, టైరు మరకలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. కథ లేదు.

నాకైతే అసలు మజా ఒక్క చోటే ఉంది. హ్యాండ్‌బ్రేక్ లాగగానే వెనక టైర్లు పట్టు వదిలి కారు అడ్డంగా జారుతుంది కదా, అప్పుడు స్టీరింగ్ ఎదురు తిప్పి, యాక్సిలరేటర్ కొంచెం నొక్కుతూ కొంచెం వదులుతూ ఆ కోణాన్ని మలుపు చివరిదాకా నిలబెట్టి, గోడను వెంట్రుకవాసిలో తప్పించుకుని అదే ఊపులో పక్క మలుపులోకి దూరిపోవడం. అది చేతికి పట్టుబడ్డాక స్కోరు లేకపోయినా ఆడాలనిపిస్తుంది.

మరి మీకు? కాంబో (ఆపకుండా వరసగా చేసే డ్రిఫ్టులతో పెరిగే స్కోరు) తెగిపోతుందేమోనన్న టెన్షన్ లేకపోతే కాసేపటికే విసుగొస్తుందా? గోడకు తగిలితే స్కోరు మొత్తం పోవాలా, కొంత మిగలాలా? దీని మీదే నాకు ఎటూ తేలడం లేదు. కొత్త కార్లు, మ్యాపులు అన్‌లాక్ అవుతుంటేనే ఆడేవాళ్లు కూడా చెప్పండి. ఏ గేమ్‌ని ఎందుకు మధ్యలో వదిలేశారో చెప్తే ఇంకా మేలు.