బేలంలో ఊడలమర్రి, కదిరి దగ్గర మర్రిమాను: పోలిక ఉంటే చుట్టరికం ఉన్నట్టేనా?

కదిరి ఆడపడుచు:
తిమ్మమ్మ మర్రిమాను కింద నిలబడితే మొదటి మాను ఏదో పట్టుకోలేం. కొమ్మ నుంచి ఊడ దిగుతుంది, నేల అందితే లావెక్కి తనే మాను అవుతుంది, ఆ ఆసరాతో కొమ్మ ఇంకా ముందుకు సాగుతుంది. నేల అందని ఊడలు సన్నగా వేలాడుతుంటాయి. మా పాప జీవశాస్త్రం పుస్తకంలో నాడీకణం బొమ్మా అచ్చం ఇట్లే ఉంది. 1906లో నోబెల్ అందుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ గీసిన మెదడు కణాల బొమ్మలు చూడండి, తోపు చూసినట్టే ఉంటుంది. చెట్టును పెంచిన ప్రకృతే ఆలోచననూ అదే పద్ధతిలో పెంచిందని నా గట్టి నమ్మకం. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

కర్నూలు లెక్కల మాస్టారు:
అమ్మా, బేలం గుహల్లోనూ ఊడలమర్రి అని ఒక చోటు ఉంది. పైకప్పు నుంచి రాతి ఊడలు దిగుంటాయి. వాటికి ప్రాణం లేదు, వేరు లేదు. కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాననీరు సున్నపురాయిని కరిగించుకుంటూ వచ్చి, చుక్కచుక్కకీ ఇంత సున్నం వదిలి పోయింది. ఆ గుహల్లోనే ఇంకోచోట రాతిలో సింహం తల కనబడిందని సింహద్వారం అన్నాం. రాయికి సింహం తెలుసా? మన కంటికి తెలుసు. మెరుపూ కొమ్మలేస్తుంది, ఆలోచించదు కదా.

గండికోట గట్టు:
సార్, ఆకారం పక్కన పెడదాం, పనితీరు చూడండి. పసితనంలో మెదడు కణాల మధ్య అవసరానికి మించి కలయికలు ఏర్పడతాయి. వాడినవి గట్టిపడతాయి, వాడనివి చాలావరకు పోతాయి. ఇక్కడ పెన్నా ఎర్రమలలను కోసింది కూడా అట్లే. నీళ్లు పారేకొద్దీ దారి లోతైంది, దారి లోతయ్యేకొద్దీ నీళ్లు ఇంక పక్కకు పోలేదు. పాత కోపం మళ్లీ మళ్లీ అదే దారి పట్టడం మనందరం ఎరిగిందే.

కర్నూలు లెక్కల మాస్టారు:
అట్లయితే బేలం కూడా నీ లెక్కలోకి వస్తుంది నాయనా. చుక్క కూడా అప్పటికే దిగిన కొనమీదికే జారుతుంది, ఆ కొనే పెరుగుతుంది. ఏది చూసినా మనసులాగే ఉందంటే, ఆ మాటకు బలమేముంది?

కదిరి ఆడపడుచు:
మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైంది. 2010లో జపాన్ పరిశోధకులు ఒక పళ్లెంలో, పటంలో టోక్యో చుట్టుపక్కల ఊర్లు ఉన్నట్టే ఓట్స్ పలుకులు పెట్టి, స్లైమ్ మోల్డ్ అనే జిగురు జీవిని మధ్యలో వదిలారు. దానికి మెదడే లేదు. మొదట నలువైపులా పాకింది, తర్వాత పనికిరాని పోగులు వెనక్కి తీసుకుంది. చివరికి మిగిలిన అల్లిక అక్కడి రైలు దారులకు దీటుగా ఉంది. నాకు ముఖ్యం ఆ వెనక్కి తీసుకోవడమే. రాతి ఊడ అది చేయలేదు.

కర్నూలు లెక్కల మాస్టారు:
నది కూడా పాత పాయను వదిలి కొత్త పాయ పడుతుంది. మరి నదికీ ఆ జీవికీ మధ్య గీత ఎక్కడ గీస్తారు?

కదిరి ఆడపడుచు:
ఆకలి దగ్గర గీస్తాను. దానికి ఓట్స్ కావాలి. మర్రికి నీళ్లు కావాలి, అందుకే ఊడ నేలను వెతుక్కుంటుంది. మెదడు కూడా బతకాల్సిన ఒంటి కోసమే పనిచేస్తుంది. పెన్నా పాయ మార్చినా, మార్చకపోయినా పెన్నాకు పోయేదేమీ లేదు. కాబట్టి తమ్ముడి గండికోట పోలిక నా దృష్టిలో నిలవదు. మర్రిమాను మాట మాత్రం నేను వదలను.