విండ్‌మిల్లులు గద్దలను చంపుతయని ఆపాల్నా?

కాజీపేట_పోరడు: బొగ్గు తగ్గియ్యాలంటే గాలి కరెంటు కావాలె, మిల్లు పేరెత్తంగనే గద్దలు చస్తయని అడ్డం పడుడేంది? పిల్లులు చంపే పిట్టల ముందల ఇదెంత? రామగుండం దిక్కు బూడిద మింగెటోళ్లను అడుగుర్రి ఏది నయమో.

సిర్పూర్_అడవి: పిల్లి గద్దను పడ్తదా అన్నా? అది పట్టేది పిచ్చుకను, పిచ్చుక ఏడాదికి రెండు మూడుసార్లు పిల్లలు చేస్తది, రాబందుకు ఏడాదికి ఒక్కటే గుడ్డు, ఆ పిల్ల పెరిగి జత కట్టేటాళ్లకు ఐదేండ్లాయె. పైంగ ఎగురుకుంట కిందికి చూస్తయ్, తల వంచినంక ఎదురుంగ ఏమున్నదో దానికి కానరాదు. మిల్లేమో దూరం నుంచి మెల్లగ తిరుగుతున్నట్టుంటది గని దాని రెక్క కొస స్పీడు గంటకు 250 కిలోమీటర్లు దాటుతది.

కాజీపేట_పోరడు: నువ్వు చెప్పేది అమెరికాల కాలిఫోర్నియా ఆల్టమాంట్ కొండల ముచ్చటేనా? 1980లల్ల గద్దలు తిరిగే కొండల మీదనే వేలకొద్ది చిన్న మిల్లులు పెట్టిండ్రు, చచ్చినయ్, నిజమే. తర్వాత అవి పీకి తక్కువ, పెద్దయి పెట్టుకుంట వచ్చిండ్రు. నార్వేల స్మోలా దీవిల మిల్లు మూడు రెక్కల్ల ఒకదానికి నల్లరంగు వేస్తే పిట్టల చావులు 70 శాతం దాకా తగ్గినయ్.

సిర్పూర్_అడవి: రంగు వేసింది నాలుగే మిల్లులకు, దాన్ని పట్టుకోని దేశమంతటికి మందు దొరికింది అంటే ఎట్ల? సావుడొక్కటే కాదు, ఆ జాగ ఇడిసిపెట్టి పోతయ్ కూడ. మహారాష్ట్రల సతారా దగ్గర చాల్కేవాడిల చూసిండ్రు (2018ల అచ్చయింది), మిల్లులు లేనికాడితోని చూస్తే ఉన్నకాడ వేటాడే పిట్టలు దాదాపు నాలుగో వంతే, తినెటోడు లేక తొండలు పెరిగినయ్.

ములుగు_మాస్టర్: రాబందులను ఊడ్చింది డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది, అది వేసిన పశువు చస్తే దాన్ని తిని పోయినయ్, పశువులకు అది 2006ల బంద్ పెట్టిండ్రు. మిల్లు కాదు.

సిర్పూర్_అడవి: సార్, అందుకే కదా మిగిలిన నాలుగింటి కోసం కొట్లాట. మా సిర్పూర్ దిక్కు పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టినయంటే మనమే సంబురపడ్డం.

కాజీపేట_పోరడు: ఆ గుట్ట మీద మిల్లు ఎవడు పెడ్తుండు? తెలంగాణల మిల్లులు ఎక్కువున్నది పరిగి దిక్కు.

లైన్‌మన్_జమ్మికుంట: మీ లొల్లిల 11 కేవీ స్తంభం మర్సిపోయిండ్రు. క్రాస్ ఆర్మ్ (స్తంభం మీది అడ్డం ఇనుము) మీద గద్ద కూసుంటది, లేవంగ ఒక రెక్క తీగకు, కాలేమో ఇనుముకు తాకుతది, ఫీడర్ ట్రిప్ అయి లైన్ల కరెంటు పోతది, పోయి చూస్తే ఈకలు మాడి కింద పడి ఉంటది. మిల్లు పెట్టినా సోలార్ పెట్టినా ఆ కరెంటు ఈ తీగల మీదికెళ్లే రావాలె, గద్ద కూసునే స్తంభాల కాడనన్న తీగకు తొడుగు వెయ్యుర్రి, మస్తు ఖర్చేం కాదు.

సిర్పూర్_అడవి: తొడుగుకు నేను రెడీ. గని మిల్లు పెట్టేముందు ఏడాది పొడుగూత ఆ జాగల గద్దలను లెక్కపెట్టాలె, లెక్క ఊరోళ్ల ముందట పెట్టాలె. దీనికి ఒప్పుకుంటవా కాజీపేటన్నా?

కాజీపేట_పోరడు: బొగ్గు గనికి కూడ అదే రూలు పెడ్తనంటే ఒప్పుకుంట.