అప్‌డేట్: ఐ20 ఎన్ లైన్ బేరం ఎక్కడ తెగిందంటే

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ మాన్యువల్ గేర్ కారుకి డీలర్ ‘ఇంతకంటే తగ్గదు’ అంటున్నాడు, ఏం చేయాలని డిసెంబర్ మొదట్లో అడిగాను కదా. బండి తీసేసుకున్నాను.

క్యాష్ డిస్కౌంట్ 35 వేల దగ్గరే ఆగింది. అసలు బేరమంతా కొటేషన్ కింది లైన్లలో ఉంది. ఇన్సూరెన్స్ 52 వేలు వేశారు. అదే ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం), అదే జీరో డెప్ (క్లెయిమ్‌లో పార్టుల అరుగుదల కోత లేని కవర్)తో బయట 39 వేలకే వచ్చింది. ఐడీవీ తగ్గించిన చవక కోట్ పట్టుకెళ్లకండి, షోరూమ్‌లో అక్కడే దొరికిపోతారు. బయటి పాలసీ తెస్తే డిస్కౌంట్ ఉండదన్నారు. ఆ ముక్క మెయిల్‌లో రాసివ్వమంటే మేనేజరే దిగొచ్చాడు. హ్యాండ్లింగ్ చార్జీలు 8,500 కొట్టేయించాను.

ఎక్స్‌షోరూమ్ 10 లక్షలు దాటితే పడే 1 శాతం టీసీఎస్ (డీలర్ మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మీద మాత్రం వాదన దండగ. పాన్ సరిగ్గా ఇస్తే ఐటీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది.

బ్యాలెన్స్ కట్టేముందు ఛాసిస్ నంబర్, తయారీ నెల చూడండి. మొదట చూపించింది మార్చి బండి! నవంబర్‌ది కావాలంటే ఇంకో వారం పట్టింది.