"ఏం కాదు", "ఏం కాదులే": ఈ రెండూ ఒకటేనా?

"ఏం కాదు" అనే మాట మీద మీ అభిప్రాయాలు కావాలి. ఇందులో "కాదు" అన్నది "అది పుస్తకం కాదు"లో ఉన్న అర్థంలో కాదు, "అవుతుంది"కి వ్యతిరేకంగా, అంటే ఇకముందు ఏమీ జరగదు అని. ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకి ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు, డాక్టర్లే 24 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం అంటారు. ఈమధ్య నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు పలకరించినవాళ్లంతా ఆ మాటే అన్నారు, కొందరంటే ప్రాణం కుదుటపడింది, కొందరంటే ఒళ్లు మండింది. ఎందుకా అని చూస్తే, "ఏం కాదులే" అన్నవాళ్లు ఆ "లే"తో సంగతి ముగించేసి వేరే కబుర్లలో పడ్డారు. "ఏం కాదమ్మా, మేమున్నాం" అన్న పిన్ని మాత్రం నా చేతిలోంచి మందుల చీటీ తీసుకుని తనే వెళ్లింది. రేపటి సంగతి ఎలా ఉన్నా "ఉన్నాం" అన్నది అప్పటికప్పుడు నిజం.

జవాబు:
"లే"ని అంత తీసిపారేయకండి. "తగ్గుతుందిలే నాన్నా" అని పెద్దవాళ్లు తల నిమిరితే అందులో ఉండేది లాలన. నాకు భయం వేసేది అదే మాట ఇంట్లో అన్నప్పుడు. మూతి వంకరపోయి, చెయ్యి పైకి లేవక, మాట ముద్దగా వస్తుంటే "ఏం కాదులే, కాసేపు పడుకో" అంటారు చూడండి, అక్కడ. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇస్తారు. ఎంత ప్రేమతో అన్నా ఆ మాట ఆ టైమ్‌ని తినేస్తుంది. అప్పుడు అనాల్సింది "లే, వెళ్దాం పద" అనే!

ఇంకో జవాబు:
ఓదార్చడం, ధైర్యం చెప్పడం కూడా కలిపేస్తున్నాం. మనవాళ్లు ఓదార్పు అనేది ఎక్కువగా మనిషి పోయాక. లోపల మనిషికి వైద్యం జరుగుతుంటే బయట భార్యతో "ఓదార్చి వెళ్దామని వచ్చాం" అంటే ఆవిడ ఏమైపోవాలి? వేమన "సజ్జనుండు పల్కు చల్లగాను" అన్నాడు. ఆ "చల్లగా"లో మాట ఒక్కటే కాదు, గొంతు కూడా ఉందనుకుంటాను, ఎందుకంటే పక్కనే కంచు మోతని పెట్టాడు కదా. మంచం పక్కన నిలబడి పెద్ద గొంతుతో "ఇంక కష్టమే" అనేవాళ్లకి ఇది చెప్పాలి. మాట పడిపోయినవాళ్లలో చాలామందికి మనం అనేది ఎంతోకొంత అర్థమవుతుంది, స్పృహ లేనట్టు కనిపించేవాళ్లలోనూ కొందరికి వినపడుతూ ఉంటుంది.

మొదట అడిగినవారు:
నిజం. నాన్నకి కుడివైపు పడిపోయింది, మాట పోయింది, కానీ మేం అనేవన్నీ తెలుస్తున్నాయని కళ్లల్లో కనిపించేది. అక్కడి నర్సు ఏ పని చేసినా ముందు ఆయనకే చెప్పేది, "పక్కకి తిప్పుతున్నానండీ, కాస్త నొప్పిగా ఉంటుంది" అని. ఏం కాదు అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు, అయినా ఆవిడ వస్తే నాన్న మొహంలో టెన్షన్ తగ్గేది. బంధువులతో అనే మాటలు మనకి చాలానే ఉన్నాయి. జబ్బుపడ్డ మనిషితో నేరుగా అనే మాటలు మీ ఇళ్లల్లో ఏమున్నాయో రాయండి, ఇప్పుడు నాకు అవి కావాలి.