ట్రంకు పెట్టెలో దొరికిన మిలటరీ ఆయన పెన్సిల్ బొమ్మ: ఎవరిదై ఉంటుంది?

కంటోన్మెంట్ కుర్రాడు:
నమస్కారం అండి. మాది విజయనగరం. పోయిన నెల పాతిల్లు ఖాళీ చేస్తుంటే మా మామ్మ ట్రంకు పెట్టె అడుగున, పట్టుచీర మడతలో ఈ బొమ్మ దొరికింది. జానెడు కాగితం, అంచులు గోధుమరంగుకి తిరిగాయి. గొంతుదాకా కాలరున్న కోటు, భుజాల మీద కుచ్చుల భుజకీర్తులు, నడుముకి చుట్టిన గుడ్డ పట్టీ, మెడలో నక్షత్రంలాంటి పతకం. ఎవరో దొర బొమ్మ, పారెయ్యి అంటున్నాడు మా బాబాయి. నాకు మనసొప్పడం లేదు. మామ్మ ఊరికే దేన్నీ దాచే మనిషి కాదు. లామినేషన్ చేయించేస్తే పాడవకుండా ఉంటుందా?

పాతకాగితం:
బాబూ, లామినేషన్ మాత్రం వద్దు! ఆ వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతే మళ్లీ ఊడదీయలేం. సెల్లోటేపు కూడా వేయకండి. ఆసిడ్ లేని కాగితాల మధ్య పెట్టి, తేమ తగలని బీరువాలో పడుకోబెట్టండి, వేలితో పెన్సిల్ గీతలు తాకకండి. కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, లోపల నీటిగుర్తు, అంటే వాటర్‌మార్కు, కనిపించవచ్చు. ఇంగ్లండులో చేసిన మంచి కాగితాల మీద చాలావాటికి తయారైన సంవత్సరం కూడా ఉంటుంది. బొమ్మ అంతకంటే పాతది కాదని దాన్నిబట్టి తెలుస్తుంది.

చికాకోల్ సుబ్బు:
దొర అని ఎందుకనుకుంటున్నారు? ఆ పతకం దగ్గర ఆగండి. 1837లో కంపెనీవాళ్లు మన దేశపు ఆఫీసర్ల కోసం, అంటే సుబేదార్లు, జమాదార్ల కోసం, ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా అని ఒకటి పెట్టారు. అది నక్షత్రం ఆకారంలో ఉంటుంది, మధ్యలో సింహం, రిబ్బనుతో మెడలోనే వేసుకునేవారు. మొదటి తరగతి వాళ్లకి సర్దార్ బహదూర్ బిరుదు, రోజుకి 2 రూపాయలు అదనం, రెండో తరగతికి బహదూర్, 1 రూపాయి. మొదట రిబ్బను లేత నీలం, తలనూనె మరకలు పడుతున్నాయని ఏడాదికే ఎరుపు చేశారని అంటారు. దొరలకీ మెడ పతకాలు లేకపోలేదు గానీ, ఆ కాలంలో వాళ్ల సైనికాధికారులకిచ్చే ఆర్డర్ ఆఫ్ ది బాత్ పతకం శిలువ ఆకారం.

కాలం సంగతికొస్తే, ఇంగ్లండు సైన్యంలో 1855లో ఆఫీసర్ల భుజకీర్తులు తీసేశారు, నడుము పట్టీ కూడా అప్పుడే భుజం మీదికి మారింది. ఇక్కడి సైన్యాలు కాస్త వెనకగా అదే దారి పట్టాయి. మీ బొమ్మలో రెండూ పాత పద్ధతిలోనే ఉన్నాయి కాబట్టి, 1837 తర్వాత, 1860 లోపు అనుకోవచ్చు. మనవాళ్లు మద్రాసు సైన్యంలో ఎంతమంది ఉండేవారంటే, ఉత్తరాదిన సిపాయిని తిలంగా అనే పిలిచేవారు. చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలున్నాయి, అక్కడ వెతికేటప్పుడు ఊరి పేరు మన స్పెల్లింగులో దొరకదు, ఉదాహరణకి శ్రీకాకుళాన్ని చికాకోల్ అనే వెతకాలి.

కంటోన్మెంట్ కుర్రాడు:
సుబ్బుగారూ, భూతద్దం పెట్టి చూశానండి. నక్షత్రం మధ్యలో నాలుగు కాళ్ల జంతువు స్పష్టంగా ఉంది, తోక పైకెత్తి. ఇంకొకటి, ఇన్నాళ్లూ నీడ అనుకున్నది చెవి తమ్మెకున్న పోగు! బాబాయికి చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఆ ముక్కు మన తాతదేరా అన్నాడు. నీటిగుర్తు రేపు పొద్దున చూస్తాను.