అప్‌డేట్: పెద్దమ్మ వాళ్ల ఊళ్లో పది రోజులు

పల్నాడులో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్తున్నాను, ఏ పని ముట్టుకోబోయినా "నువ్వు కూర్చోమ్మా" అంటారు, ఊరికే కూర్చుని తినడం ఎలా అని పోయిన నెల అడిగాను కదా. అడగకుండానే ఏదో ఒక పని పట్టుకోమన్నారు మీరు. అలాగే చేశాను.

ముందు పాలు పితుకుదామని గేదె దగ్గరికి వెళ్లాను. కొత్త చెయ్యి తగిలేసరికి అది చేపనే లేదు, అంటే పాలు దిగనివ్వలేదు. పెద్దనాన్న నవ్వి చెంబు తీసేసుకున్నారు.

చివరికి మిరప కల్లంలో తాలుకాయలు ఏరే పని దొరికింది. రంగుపోయి తెల్లబారిన కాయలన్నమాట. అవి కలిస్తే గుంటూరు యార్డులో రేటు పడిపోతుంది. మొదటి గంట పర్లేదు. సాయంత్రానికి చేతులు ఒకటే మంట! నీళ్లతో కడిగితే తగ్గితేనా? మిరప ఘాటు నీళ్లకి కరగదు, నూనెకి కరుగుతుంది, అందుకే పెద్దమ్మ కొబ్బరినూనె పట్టించి, తర్వాత సబ్బుతో కడిగించింది. కళ్లు నలుపుకోవద్దని పదిసార్లు చెప్పింది. నలుపుకున్నాను, అది వేరే విషయం.

రెండో రోజు నుంచి "కూర్చోమ్మా" మానేసి, "ఆ చాట ఇటు తే" అనడం మొదలుపెట్టింది. వచ్చేటప్పుడు కారం డబ్బా చేతిలో పెట్టి, "మళ్లీ కోతలకి రా, కూలీ ఇస్తాలే" అంది.