పాత పీహెచ్‌డీ థీసిస్‌లు బయటివాళ్లు చూడొచ్చా? ఎక్కడ వెతకాలి?

జనగామ_బిడ్డ

అందరికీ నమస్కారం. నేను యూనివర్సిటీ మనిషిని కాదు, డిగ్రీ అయిపోయాక హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటున్నాను. మా పెద్దనాన్న ఒగ్గు పూజారి. జనగామ చుట్టుపక్కల ఊళ్లలో మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పేవాడు, పోయి చాలా ఏళ్లయింది. 1980ల్లో యూనివర్సిటీ నుంచి ఒక సారు వచ్చి మా ఇంట్లోనే ఉండి, మల్లన్న పెళ్లి కథ మొత్తం టేపు మీద ఎక్కించుకుని, పక్కన కూర్చుని రాసుకుని కూడా పోయాడని మా నాన్న ఇప్పటికీ చెప్తుంటాడు. ఆ సారు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, పరిశోధన కోసం వచ్చాడని మాత్రం తెలుసు. మా దగ్గర పెద్దనాన్న గొంతు లేదు, కథ కూడా సగం సగమే తెలుసు, ఎందుకంటే ఆయన తర్వాత మా ఇంట్లో ఎవరూ డోలు పట్టలేదు.

నేను అడిగేది ఏంటంటే, అలా రాసిన థీసిస్‌లు చివరికి ఎక్కడికి పోతాయి? ఆన్‌లైన్‌లో ఉంటాయా? నాలాంటి బయటివాడిని లైబ్రరీలోకి రానిస్తారా? ఇంకో సంగతి, పీహెచ్‌డీ అంటే సైన్సు, ఇంజినీరింగ్ అనే అనుకుంటాం కదా, ఇలాంటి వాటి మీద నిజంగా చేసినవి ఎన్నో ఉన్నాయా, లేక ఎక్కడో ఒకటీ అరా ఉంటాయా?

రీడింగ్_రూమ్

తమ్ముడూ, ఒకటీ అరా కాదు, చాలా ఉన్నాయి. నేను లైబ్రరీ పనిలోనే ఉన్నాను కాబట్టి వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు శోధగంగ అనే వెబ్‌సైట్ చూడు. గాంధీనగర్‌లో ఉండే ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) సంస్థ దాన్ని నడుపుతుంది. పీహెచ్‌డీ థీసిస్‌ని కాగితం మీదే కాకుండా ఎలక్ట్రానిక్ కాపీగా కూడా ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది, అవన్నీ చేరే చోటు ఇది. ఇప్పుడు దేశం మొత్తం మీద 5 లక్షలకు పైగా థీసిస్‌లు ఉన్నాయి. లాగిన్ అవసరం లేదు, డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా తెరిచి దించుకోవచ్చు. ఒకసారి ఊరికే లోపల తిరిగి చూడు, ఒక యూనివర్సిటీ పేజీ తెరిస్తే ఒక విభాగంలో ఔషధ మొక్కలు, పక్క విభాగంలో బీడీ కార్మికులు, ఇంకో దాంట్లో కాకతీయుల శాసనాలు, చేనేత సహకార సంఘాలు, ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్ల నీళ్లు, అవధానం, దేవదాసీ వ్యవస్థ, అన్నీ వరసగా కనిపిస్తాయి. వీటిలో చాలా భాగం పుస్తకంగా ఎప్పుడూ అచ్చు కాలేదు, అంటే బజార్లో ఎంత వెతికినా దొరకవు.

కానీ ఇక్కడ నీకు రెండు ఇబ్బందులు వస్తాయి. మొదటిది, తెలుగులో రాసిన థీసిస్‌ల పేర్లు చాలాచోట్ల ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కించారు, అది కూడా ఎవరికి తోచినట్టు వాళ్లు. ఒగ్గుకథని కలిపి రాసినవాళ్లు, విడదీసి రాసినవాళ్లు, ముందు వి అక్షరం పెట్టినవాళ్లు, చివర హెచ్ వదిలేసినవాళ్లు ఉంటారు, అన్నీ కొట్టి చూడాలి. ఒగ్గు అనే పేరు శీర్షికలో లేకుండా 'జానపద కళారూపాలు' అనో 'వరంగల్ జిల్లా కులపురాణాలు' అనో ఉండొచ్చు, లోపల ఒక అధ్యాయం మొత్తం మల్లన్న కథ మీదే ఉంటుంది. రెండోది, ఫైళ్లు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు, లేదా 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. కంటికి చక్కటి తెలుగే కనిపిస్తుంది గానీ కంప్యూటర్‌కి అవి తెలుగు అక్షరాలు కావు. అందుకే మల్లన్న అని కొడితే ఏమీ రాదు, లేదనుకుని చాలామంది అక్కడితో వదిలేస్తారు. వెతుకుడు పెట్టె మీద ఆధారపడకుండా యూనివర్సిటీ, తర్వాత తెలుగు విభాగం తెరిచి జాబితా మొత్తం కిందికి చూసుకుంటూ పో. ఉస్మానియా, కాకతీయ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తెలుగు విశ్వవిద్యాలయం, ఈ నాలుగూ తప్పనిసరి. తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద, గిరిజన విజ్ఞానం కోసమే వరంగల్‌లో ఒక పీఠం ఉంది, దాన్ని అసలు మర్చిపోకు.

ఇక 80ల్లో చేసినది అంటే 2009 నిబంధన కంటే ముందుది. పాతవి కొన్ని తర్వాత స్కాన్ చేసి ఎక్కించారు, అన్నీ కాదు. పైగా ఆ సారు చేసింది ఎంఫిల్ అయితే శోధగంగలో దొరికే అవకాశం ఇంకా తక్కువ. అప్పుడు యూనివర్సిటీ సెంట్రల్ లైబ్రరీ థీసిస్ సెక్షన్‌కి వెళ్లాల్సిందే.

నిజం_మాట్లాడదాం

ఆశ పెట్టుకుంటే పెట్టుకోండి గానీ, మన యూనివర్సిటీల్లో థీసిస్‌లు ఎలా తయారవుతాయో తెలిసినవాడిగా చెప్తున్నా. సగం పేజీలు ముందువాళ్లవి చూసి ఎత్తినవే. మొదటి అధ్యాయంలో జానపద విజ్ఞానం నిర్వచనాలు, రెండో అధ్యాయంలో జిల్లా భౌగోళిక స్థితి, వర్షపాతం, అవే వాక్యాలు ఒక పది థీసిస్‌లలో కనిపిస్తాయి. దీని కోసం అన్ని ఫైళ్లు తెరిచి టైమ్ వేస్ట్ చేసుకోవడం ఎందుకు, ఆ కథ చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కదా, వాళ్ల దగ్గరికే వెళ్లొచ్చు.

పట్నం_ముగ్గు

పైన అన్నయ్య చెప్పిన మొదటి రెండు అధ్యాయాల సంగతి నేను కాదనను, కాపీ కొట్టినవి చదివి నాకూ చాలాసార్లు మనసు విరిగింది. కానీ అక్కడితో థీసిస్ మూసేస్తే అసలు ఉన్నది పోగొట్టుకున్నట్టే. జానపదం మీద చేసినవాటిని నేను ఎప్పుడూ వెనక నుంచి తెరుస్తాను. ఉపయుక్త గ్రంథాల జాబితా దాటాక అనుబంధాలు ఉంటాయి చూడండి, క్షేత్రపర్యటనలో సేకరించినదంతా అక్కడే పెడతారు. కథ చెప్పినవాళ్ల పేరు, ఊరు, వయసు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, బృందంలో డోలు ఎవరు, తాళం ఎవరు అని పట్టిక ఉంటుంది. కొన్నిట్లో కథ పాఠం మొత్తం, మధ్యలో వంతపాడేవాళ్ల 'ఔ' కూడా వదలకుండా రాసి ఉంటుంది. ఆ పట్టికలో మీ పెద్దనాన్న గారి పేరు ఉండొచ్చు, మీకు కావాల్సింది అదే కదా.

నేను చదివిన ఒకదాంట్లో పెద్దపట్నం, అంటే మల్లన్న కోసం నేల మీద రంగుల పొడులతో వేసే పెద్ద ముగ్గు, వేసే తీరు మీదే కొన్ని పేజీలు ఉన్నాయి. ముందు బియ్యప్పిండితో గీతలు, తర్వాత పసుపు, కుంకుమ, ఎండిన ఆకుల పొడితో ఆకుపచ్చ, బొగ్గు పొడితో నలుపు, ఏ గడిలో ఏ రంగు, ఏ గడి దగ్గర ఏ పాట అందుకుంటారు, మల్లన్నకి కుడిపక్క ఎవరు, ఎడమపక్క ఎవరు, అన్నీ చేత్తో గీసిన బొమ్మలతో. రాసినాయన ఎన్ని రాత్రులు జాతరలో కూర్చుంటే అది తెలుస్తుంది? కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర సాగుతుంది, ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు, నిజమే. కానీ నలభై ఏళ్ల కింద ఎలా చెప్పేవాళ్లో ఇప్పుడు చూస్తే తెలియదు కదా. రాత్రంతా సాగే కథని ఈరోజు వేదిక మీద అరగంటలో ముగించమంటున్నారు. చుక్క సత్తయ్య గారు ఒగ్గుకథని పెద్ద పెద్ద వేదికల దాకా తీసుకెళ్లారు, సంగీత నాటక అకాడమీ అవార్డు కూడా వచ్చింది, ఆయన 2017లో పోయారు. ఆ తరం ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే వాళ్లు చెప్పిన పాఠాలు నిలిచింది ఈ అనుబంధాల్లోనే. పరిశోధకుడి విశ్లేషణ బలహీనంగా ఉన్నా సరే, సేకరణ చేసినందుకు ఆయనకి దండం పెట్టాలి అంటాను నేను.

సాగు_చదువు

నాది వ్యవసాయ డిగ్రీ కాబట్టి ఇంకో మూల నుంచి చెప్తా, మీ ప్రశ్నలో రెండో సగానికి జవాబు. వ్యవసాయ యూనివర్సిటీల థీసిస్‌లకు కృషికోశ్ అని వేరే భాండాగారం ఉంది, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి)ది. మన అగ్రికల్చర్ యూనివర్సిటీలో చేసిన ఎంఎస్సీ, పీహెచ్‌డీలు అందులో వెతకండి. కంది ఎండు తెగులు దగ్గర నుంచి అనంతపురం వేరుశనగ రైతుల అప్పుల దాకా ఉంటాయి.

థీసిస్ కాదు గానీ నాకు ఎప్పుడూ గొప్పగా అనిపించేది ఇక్రిశాట్ గ్రామ అధ్యయనాలు. పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ 1975లో ఆరు ఊళ్లు ఎంచుకుంది, అందులో రెండు పాత మహబూబ్‌నగర్ జిల్లావి, అవురేపల్లి, దోకూర్. ఒక్కో ఊళ్లో 40 కుటుంబాలు, కూలీలు పది, చిన్న రైతులు పది, మధ్యస్థాయి రైతులు పది, పెద్ద రైతులు పది. సర్వే చేసే మనిషి ఊళ్లోనే కాపురం ఉండి కొన్ని వారాలకోసారి ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఎంత కూలికి పోయారు, ఏం కొన్నారు, ఏం తిన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు అని రాసుకున్నాడు. అలా ఏళ్ల తరబడి. ఒక ఏడాది పంట పోతే ఇల్లు ఎలా గడుస్తుంది, పక్కింటివాళ్లు ఎంత ఆదుకుంటారు అనే ప్రశ్న మీద ప్రపంచంలో పేరున్న ఆర్థికవేత్తలు రాసిన పేపర్లలో మన అవురేపల్లి లెక్కలు ఉన్నాయి. ఆ ఊళ్లో ఎంతమందికి తెలుసో మరి! తమ గురించి రాసినది ఆ ఊరివాళ్లకి తెలుగులో చేరాలి, అది వాళ్ల హక్కు అనుకుంటాను.

లండన్_తెలుగు

జనగామ_బిడ్డ గారూ, మీ టేపు గురించి ఒక మాట. థీసిస్ వేరు, టేపులు వేరు, రెండూ ఒకే చోట ఉండాలని లేదు. మామూలుగా టేపులు పరిశోధకుడి ఇంట్లోనే ఉండిపోతాయి, యూనివర్సిటీ తీసుకోదు. గురుగ్రామ్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్లది ఒక సంగీత ఆర్కైవ్ ఉంది, 1982లో మొదలైంది. పరిశోధకులు తమ ఫీల్డ్ రికార్డింగులు అక్కడ దాచిపెడతారు, అక్కడ ఒక ఈమెయిల్ పెట్టి అడగండి, పోయేదేం లేదు.

బయటి దేశాల్లో కూడా మనవి చాలా ఉన్నాయి. ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940ల్లో నిజాం రాజ్యంలో చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య తిరిగి తీసిన ఫోటోలు, రాసుకున్న నోట్సు ఇక్కడ లండన్ యూనివర్సిటీకి చెందిన సోయాస్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఆదిలాబాద్ గోండు కుటుంబాల తాతముత్తాతల ముఖాలు లండన్‌లో పెట్టెల్లో ఉన్నాయంటే నాకు సంతోషమూ బాధా రెండూ కలుగుతాయి. ఆన్‌లైన్‌లో ఉందిలే అని ధీమాగా కూడా ఉండకండి. బ్రిటిష్ లైబ్రరీ వాళ్ల ఈథోస్‌లో ఇక్కడి యూనివర్సిటీల థీసిస్‌లన్నీ ఒకచోట వెతుక్కునే వీలుండేది, 2023 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగి ఆగిపోయింది. దొరికిన ఫైలు దొరికినట్టే దించుకుని దాచుకోండి.

జనగామ_బిడ్డ

ఇంత చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. అనుబంధాల విషయం అసలు తెలియదు. రీడింగ్_రూమ్ అన్నా, లైబ్రరీకి వెళ్తే ఏం అడగాలి? సారు పేరు తెలియదు, సంవత్సరం కూడా ఖచ్చితంగా తెలియదు, గేటు దగ్గరే ఆపేస్తారేమో అని టెన్షన్.

రీడింగ్_రూమ్

భయపడకు. లైబ్రేరియన్ పేరు మీద ఒక దరఖాస్తు రాసుకో, ఆధార్ జిరాక్సు జతచెయ్. 'మా కుటుంబంలోని కళాకారుడి గురించిన సమాచారం కోసం' అని సూటిగా రాయి, పరిశోధన చేస్తున్నానని రాయకు, అలా రాస్తే గైడు సంతకం అడుగుతారు. కొన్నిచోట్ల రోజుకి కొంత రుసుము తీసుకుని కూర్చోనిస్తారు, ఇంటికి మాత్రం ఇవ్వరు, జిరాక్సు కొన్ని పేజీల వరకే. ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చా అని ముందే అడుగు.

సారు పేరు తెలియకపోతే తెలుగు విభాగం ఆఫీసుకి పో. అక్కడ పీహెచ్‌డీ, ఎంఫిల్ అవార్డుల రిజిస్టరు ఉంటుంది, సంవత్సరం, పేరు, అంశం, గైడు వరసగా రాసి ఉంటాయి. 1978 నుంచి 1995 దాకా చూడు, ఎందుకంటే 80ల్లో సేకరించి 90ల్లో సమర్పించినవాళ్లు ఎక్కువ. కురుమ, గొల్ల, మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ, జానపదం, ఈ మాటలు ఉన్న ప్రతి అంశం రాసుకో. రిటైరైన ఆచార్యుల ఫోన్ నంబర్లు కూడా ఆఫీసువాళ్ల దగ్గర ఉంటాయి, మర్యాదగా అడిగి మీ నాన్నగారితోనే మాట్లాడించు. ఊరి పేరు చెప్పగానే గుర్తుపట్టే సార్లు ఇంకా ఉన్నారు. వేసవి సెలవుల్లో మాత్రం పోకు, విభాగంలో ఎవరూ ఉండరు.